మరల పారిన నది

నదీతీరాలను ఆశ్రయించి నాగరికతలు వెలశాయన్నది మనం చరిత్రలో చదువుకున్న విషయమే. ఆ నది ఎండిపోతే జనజీవనం ఏమవుతుందో రాజస్థాన్‌లోని అల్వార్ జిల్లా ప్రజలు స్వయంగా అనుభవించారు. ఎండిన నదిని మరల పారించుకోవచ్చునని నిరూపించినదీ వారే.

ఆరావళి పర్వతాల నడుమనున్న ఆ ప్రాంతంలో ఏడాదిలో వర్షం కురిసేది రెండు మూడు నెలలే. అందుకే పూర్వులు అక్కడ 'జోహడ్'లను నిర్మించుకొన్నారు. ఇవి మన కుంటల వంటివి. కొండవాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారంలో మట్టికట్ట పోస్తారు. వాననీరు కట్ట వద్ద నిలిచి, మెల్లగా నేలలోకి ఇంకి, దిగువనున్న బావులకు ఊటగా చేరుతుంది. కాలక్రమంలో కొండలమీది అడవులు నరికివేతకు గురయ్యాయి. కట్టలు తెగినా, పూడిక నిండినా పట్టించుకొనేవారు లేకపోయారు. నిలువవలసిన నీరు మట్టిని కోసుకొంటూ పరుగెత్తిపోయింది. బావులు ఎండాయి. అర్వరీ నది వానకాలంలో తప్ప కనిపించకుండా పోయింది. పురుషులు పొట్ట చేతపట్టుకొని నగరాలకు వలసపోగా, స్త్రీలు బిందెడు నీటికోసం మైళ్ళకొద్దీ నడిచారు.

1985లో 'తరుణ్ భారత్ సంఘ్' అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన రాజేంద్రసింగ్ తన సహచరులతో అక్కడికి చేరారు. విద్య, వైద్యం అందించాలన్నది వారి సంకల్పం. కాని గోపాల్‌పురా గ్రామంలోని ఒక వృద్ధ రైతు, తమకు ముందుగా కావలసింది నీరని చెప్పి, జోహడ్ తవ్వమన్నాడు. చదువుకొన్న యువకులు ఆ రైతుకు శిష్యులై పలుగూ పారా పట్టారు. తొలుత సందేహించిన గ్రామస్థులు, వానలకు జోహడ్ నిండి బావులలో ఊట కనిపించగానే ముందుకు వచ్చారు.

గ్రామస్థులు కూడి నిర్ణయించుకొని, తమ వంతు శ్రమనో ధనాన్నో సమకూర్చిన చోటనే సంస్థ పని చేపట్టేది. అందువల్ల కట్టిన ప్రతి కట్టనూ ప్రజలు తమదిగా భావించి కాపాడుకొన్నారు. అర్వరీ పుట్టుచోటైన భాంవ్‌తా-కోల్యాలా మొదలుకొని పరీవాహక ప్రాంతమంతటా వందలాది జోహడ్‌లు, చిన్న ఆనకట్టలు వెలిశాయి. భూగర్భ జలమట్టం పెరిగింది. నేలలో నిండిన నీరు ఊటలై నదిలోకి చేరడంతో 1990వ దశకం మధ్యనాటికి అర్వరీ ఏడాది పొడుగునా పారసాగింది.

నీటితోపాటు వివాదమూ వచ్చింది. 1996లో ప్రభుత్వం ఆ నదిలో చేపలు పట్టే హక్కును గుత్తకు ఇచ్చింది. గ్రామస్థుల ప్రతిఘటనతో ఆ గుత్త రద్దయింది. ఎండిన నాడు ఎవరికీ పట్టని నదికి, నీరు వచ్చిన తరువాత యజమాని ఎవరు? ఈ ప్రశ్న నుండే సుమారు 70 గ్రామాల ప్రతినిధులతో 1999 నాటికి 'అర్వరీ సంసద్' ఏర్పడింది. దానికి చట్టబద్ధమైన అధికారం లేదు. అయినా, చెరకు వంటి అధిక నీరు కోరే పంటలు వేయరాదని, అడవిని కాపాడుకోవాలని ప్రజలు తమకు తామే కట్టుబాట్లు విధించుకొన్నారు.

2000లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ భాంవ్‌తా-కోల్యాలా గ్రామస్థులకు పర్యావరణ పురస్కారాన్ని అందజేశారు. రాజేంద్రసింగ్ 2001లో రామన్ మెగసెసే పురస్కారాన్ని, 2015లో స్టాక్‌హోమ్ జల పురస్కారాన్ని పొందారు.

ప్రతి ఊరికీ జోహడే ఔషధం కాదు. నేలను బట్టి, వానను బట్టి ఉపాయం మారుతుంది. అయితే ఏ స్వచ్ఛంద సంస్థ అయినా ఊరి పెద్దల అనుభవాన్ని వినాలి. ఊరివారు తమ వంతు శ్రమ చేయాలి. మన ఊరి చెరువుకు నీరు ఏ వాగు నుండి వస్తుందో, ఆ దారి నేడు తెరచి ఉన్నదో మూసుకుపోయిందో తెలుసుకోవడం విద్యార్థులు ఈనాడే చేయగల పని.