సెల్ఫ్ కొట్టేకొద్దీ మునిగిపోయే ఇంజిన్

పాత రోటరీ ఇంజిన్ కారు ఉన్నవాళ్లని ఓసారి గమనించండి. హోటల్ దగ్గర పార్కింగ్ కుర్రాడికి తాళం ఇవ్వరు. కారు కడగడానికి నాలుగడుగులు ముందుకి జరపాలన్నా స్టార్ట్ చేయరు. న్యూట్రల్‌లో పెట్టి తోస్తారు. చూసేవాళ్లకి చాదస్తంలా ఉంటుంది. డాలస్‌లో మా రూమ్మేట్ 1988 మోడల్ మాజ్డా ఆర్ఎక్స్-7 కొన్న కొత్తలో నాకూ అలాగే అనిపించింది.

మామూలు కారుని స్టార్ట్ చేసి ఇరవై సెకన్లలో ఆపేస్తే ఏమీ కాదు. దీనికి మాత్రం అదే గండం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి పెట్రోల్ ఎక్కువగా పడుతుంది. వేడెక్కకముందే ఆపేస్తే కాలకుండా మిగిలింది లోపలే ఉండిపోతుంది. మర్నాడు తాళం తిప్పితే దాని మీద ఇంకొంచెం, మళ్లీ తిప్పితే మరికొంచెం. ఏది ఆగిపోయినా రీస్టార్ట్ కొట్టి చూసే బ్యాచ్ మనది. ఇక్కడ కొట్టిన ప్రతి రీస్టార్ట్ సమస్యని పెంచుతుంది. దీన్నే ‘ఫ్లడింగ్’ అంటారు. ఇంజిన్ మునిగిపోవడం అన్నమాట.

మావాడికి ఇది జరిగిన టైమ్ మరీ ఘోరం. ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. అందులో 41 అయిపోయాయి. రెండు నెలల అద్దె చేతిలో ఉండాలంటే కారు అమ్మాల్సిందే. శనివారం పొద్దున కొనేవాడు వస్తానన్నాడు. గురువారం అపార్ట్‌మెంట్ వాళ్లు పార్కింగ్‌లో గీతలకి రంగు వేయాలని నోటీసు అంటించారు. వీడు ఇంట్లో లేడు. మా మూడో రూమ్మేట్ సాయం చేద్దామని కారు తీసి పక్క వరసలో పెట్టి ఆపేశాడు. అంతా కలిపి అర నిమిషం.

శుక్రవారం కారు స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది. అసలు మామూలుకంటే స్పీడుగా తిరుగుతోంది. సౌండ్ మాత్రం తేడా. ఎప్పుడూ వినిపించే ఎత్తుపల్లాలు లేవు, కుట్టు మిషన్‌లా ఒకటే ‘జుయ్’మని. దగ్గర్లో ఒక వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి వినిపిస్తే, ‘సీల్స్ పోయుంటాయి, ఇంజిన్ విప్పాల్సిందే’ అన్నారు. వాళ్లు చెప్పిన అంకె ఇంచుమించు కారు ధరంత ఉంది.

‘మావా, ఇంక ఇది తుక్కుకే’ అన్నాడు.

నిజంగా సీల్స్ పోయాయా, లేక పెట్రోల్‌లో మునిగిందా? రెండింటికీ లక్షణాలు ఒకటే. ఖర్చులో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. అది తేల్చాలంటే ముందు లోపల ఏముందో తెలియాలి.

రోటరీలో పిస్టన్లు ఉండవు, వాల్వులూ ఉండవు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఇది. అక్కడి ఎన్ఎస్‌యూ కంపెనీలో 1957లో మొదటి ఇంజిన్ తిరిగింది. లైసెన్స్ తీసుకుని ఏళ్ల తరబడి పట్టు వదలనిది మాత్రం జపాన్ మాజ్డా. నడుం దగ్గర కొంచెం నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఒక గూడు, అందులో పొట్ట ఉబ్బిన త్రిభుజంలా ఉండే రోటర్. రోటర్ మూడు మూలల్లోనూ సన్నటి పట్టీలుంటాయి. వాటిని అపెక్స్ సీల్స్ అంటారు. అవి గోడని రాసుకుంటూ తిరుగుతూ మూడు గదుల్ని వేరు చేస్తాయి. ఒక గదిలో పెట్రోల్ గాలి లోపలికి వస్తుంటే ఇంకోదాంట్లో మండుతూ, మరోదాంట్లోంచి పొగ బయటికి పోతూ ఉంటుంది. ఆర్ఎక్స్-7లోని 13బీ ఇంజిన్‌లో ఇలాంటి రోటర్లు రెండు. ఒక్కోటి 654 సీసీ.

కథంతా ఆ సీల్స్‌లోనే ఉంది. తొలినాళ్లలో అవి గోడ మీద గీసిన చారల్ని మాజ్డా ఇంజినీర్లు ‘దెయ్యం గోళ్ల గీతలు’ అని పిలిచేవాళ్లు. దాన్ని జయించాకే 1967లో కాస్మో స్పోర్ట్ రోడ్డెక్కింది. 1991లో నాలుగు రోటర్ల 787బీ లె మాన్స్ రేసు గెలిచింది. కానీ సీల్‌కీ గోడకీ మధ్య పల్చటి ఆయిల్ పొర ఉండి తీరాలన్న షరతు అలాగే ఉంది. అందుకే ఒక చిన్న పంపు పనిగట్టుకుని కొద్దికొద్దిగా ఆయిల్ లోపలికి పంపిస్తూ ఉంటుంది. పెట్రోల్ ఎక్కువైతే ఆ పొరని కడిగేస్తుంది. పొర పోతే గదుల మధ్య గాలి కారిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది. కంప్రెషన్ లేకే సెల్ఫ్ మోటార్‌కి అడ్డు లేదు, అందుకే ఆ ‘జుయ్’. పైగా ప్లగ్గులు తడిసి నిప్పు రాదు.

నాకు వెంటనే గుర్తొచ్చింది మా నాన్న పాత టూ స్ట్రోక్ స్కూటర్. దానికీ వాల్వులుండవు, అదీ ఆయిల్ తాగుతుంది. పెట్రోల్ ఎక్కువైతే నాన్న ట్యాప్ కట్టేసి, ప్లగ్ విప్పి, యాక్సిలరేటర్ మొత్తం తిప్పి పది కిక్కులు కొట్టేవాడు. ప్లగ్‌ని ఎమరీ పేపర్‌తో గీకి, ఉఫ్‌మని ఊది బిగించేవాడు. పెట్రోల్ ఆపు, గాలి పంపు, ప్లగ్ ఆరబెట్టు. డాలస్‌లో మేం చేసిందీ అదే, కాకపోతే ఫ్యూజులతో.

ఇంజిన్ బేలో ‘ఈజీఐ’ అని రాసున్న ఫ్యూజ్ పీకేశాం. ఇక ఇంజెక్టర్లు పెట్రోల్ పోయవు. ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు కూడా తీశాం. ప్లగ్ రంధ్రాల్లోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతున్నప్పుడు పక్కన ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ఇది ఆరుబయటే చేయాలి, సిగరెట్ బ్యాచ్ దూరంగా ఉండాలి. (పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని లీజులో ఉంటుంది. కదలని కారుని ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం ఉండదు.)

ప్లగ్గులు నాలుగు. పైన రెండూ ట్రెయిలింగ్, కింద రెండూ లీడింగ్. రెంటికీ హీట్ రేంజ్ వేరు కాబట్టి ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు. వైర్లకి టేప్ అంటించి గుర్తులు రాసుకున్నాం. నాలుగూ ముద్దగా తడిసి, గుప్పున పెట్రోల్ వాసన. సగం అనుమానం అక్కడే తీరింది. బ్యాటరీకి నా కారు నుంచి జంపర్ కేబుల్స్ వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పది సెకన్లకోసారి ఆపుతూ సెల్ఫ్ కొట్టాం. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటార్ కాలిపోతుంది.

అప్పుడు వినాల్సింది ఒకటుంది. ఒక్కో రోటర్‌కి మూడు గదులు కాబట్టి ప్లగ్ రంధ్రంలోంచి గాలి ‘ఫప్-ఫప్-ఫప్’మని మూడు దెబ్బలుగా రావాలి. ఒక అపెక్స్ సీల్ విరిగితే దానికి అటూఇటూ ఉన్న రెండు గదులూ పోతాయి. అంటే ‘ఫప్... ... ఫప్... ...’ అని కుంటుతుంది. మాకు మూడూ నీరసంగానే ఉన్నాయి, కానీ సమానంగా ఉన్నాయి. రెండు రోటర్లకీ అంతే. ఫోన్‌లో రికార్డ్ చేసి పదిసార్లు విన్నాం. ఆ రాత్రి మావాడి ముఖంలో రంగు తిరిగొచ్చింది ఆ సౌండ్ వల్లే.

తర్వాత సిరంజితో పై రంధ్రంలోంచి అర టీస్పూన్ ఇంజిన్ ఆయిల్. ముందు పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి ఒక చుట్టు తిప్పితే తర్వాతి గది వస్తుంది. మళ్లీ అర టీస్పూన్. షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితేనే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ఈ లెక్క. ఆయిల్ ఎక్కువ పోస్తే బలం వస్తుందనుకోకండి. ద్రవం నలగదు, ఇంజినే దెబ్బతింటుంది. చివరగా ప్లగ్గులు లేకుండా ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, కొత్త ప్లగ్గులు బిగించి, కాయిల్స్ తగిలించి, ఫ్యూజ్ పెట్టాం.

మూడోసారికి దగ్గింది. ఐదోసారికి అందుకుంది. అందుకున్నాక వచ్చిన తెల్లటి పొగ చూసి పై అంతస్తు తెలుగు ఆంటీ బాల్కనీలోకొచ్చి ‘బాబూ, ఫైరింజన్‌కి ఫోన్ చేయనా?’ అని అరిచారు. పోసిన ఆయిల్ కాలుతోందంతే. పది నిమిషాల్లో తగ్గింది. టెంపరేచర్ ముల్లు మామూలుకి వచ్చేదాకా ఆపలేదు. పెట్రోల్ కలిసిన ఆయిల్ పల్చబడుతుంది కాబట్టి పొద్దున్నే లేచి ఆయిల్ కూడా మార్చాం.

మీరు వీడియోల్లో చూసేది 2003 తర్వాత వచ్చిన ఆర్ఎక్స్-8 అయితే ఫ్యూజ్ పీకే పని లేదు. పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరే పెట్రోల్ ఆపేస్తుంది. ఎన్నిసార్లు ఆరబెట్టినా పదేపదే మునుగుతుంటే మాత్రం కారే ఇంజెక్టర్లో, నిజంగానే అరిగిన సీల్సో కారణం. అప్పుడు రోటరీకి పనికొచ్చే కంప్రెషన్ టెస్టర్ ఉన్న చోటికి తీసుకెళ్లాల్సిందే.

శనివారం వచ్చినతను రోటరీలు తెలిసినవాడు. మావాడు జరిగిందంతా చెప్పి, రికార్డింగ్ కూడా వినిపించాడు. అతను ఒకటికి రెండుసార్లు విన్నాడు. కారు తీసుకెళ్లి అరగంట తిప్పి, వేడి మీద ఆపేసి, పది నిమిషాలు కబుర్లు చెప్పి మళ్లీ తాళం తిప్పాడు. కంప్రెషన్ పోయిన రోటరీ మొరాయించేది ఆ వేడి స్టార్ట్‌లోనే. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. అడిగిన దాంట్లో మూడొందల డాలర్లు తగ్గించి డబ్బు లెక్కపెట్టాడు.