కొండల నడుమ ఊళ్ళు: అరకు వెళ్ళే ముందు తెలుసుకుందాం

న్యూటెల్లా తెలియని పిల్లలు మీలో ఎవరూ ఉండరు కదా! అది 1964లో ఇటలీలోని ఆల్బా అనే ఊళ్ళో పుట్టింది. ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్ని లాంగే అంటారు. కొండవాలు మీద ద్రాక్షతోటలు, హేజల్‌నట్ చెట్లు ఉంటాయి. కొండ పైన లా మొర్రా, సెర్రాలుంగా లాంటి చిన్న ఊళ్ళు ఉంటాయి. వాటిని చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తారు.

మరి మన తెలుగునేల మీద అలాంటి చోటు ఉందా? ఉంది. దాని పేరు అరకు లోయ. అక్కడి కొండల మీద ద్రాక్షకు బదులు కాఫీ పండుతుంది. ఈసారి సెలవులకి విశాఖపట్నం వైపు వెళ్తే, అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తప్పకుండా చూసి రండి. వెళ్ళే ముందు ఈ పాఠం చదవండి.

ముందు కొన్ని మాటలు

 తెలుగులో నేల ఎలా ఉందో దాన్నిబట్టి పేరు మారుతుంది. పెద్దదైతే కొండ, చిన్నదైతే గుట్ట. రెండు కొండల మధ్య పల్లంగా ఉన్న చోటు లోయ. కొండ పక్కన ఏటవాలుగా దిగే నేల వాలు. కొండల మధ్య నుంచి దాటిపోయే దారి కనుమ. అందుకే ఆ కొండల వరసకి తూర్పు కనుమలు అని పేరు. కానీ మామూలుగా మాట్లాడేటప్పుడు అందరూ "ఘాట్ రోడ్డు" అనే అంటారు. నేలలోంచి నీరు దానంతట అదే ఉబికి వస్తే అది ఊట. తెల్లవారుజామున లోయంతా కమ్మేసేది పొగమంచు.

రైలు ఎందుకు వచ్చింది?

విశాఖపట్నం నుంచి అరకు 110 కిలోమీటర్ల పైనే ఉంటుంది. బస్సులో వెళ్ళొచ్చు, కారులో వెళ్ళొచ్చు. కానీ పిల్లలకి నచ్చేది రైలే. పొద్దున్నే బయల్దేరితే సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఈ లైను మీద యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు. 2017 నుంచి పెద్ద పెద్ద అద్దాలున్న పెట్టె కూడా తగిలిస్తున్నారు.

ఈ రైలు మార్గం మన లాంటి యాత్రికుల కోసం వేసింది కాదు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం దొరుకుతుంది. దాన్ని విశాఖ రేవుకి చేర్చి, ఓడల్లో జపాన్ పంపడానికి 1960ల్లో ఈ లైను కట్టారు. దారిలో వచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే సముద్రం ఒడ్డున బయల్దేరిన రైలు మధ్యాహ్నం లోపే దాదాపు ఒక కిలోమీటరు ఎత్తు ఎక్కేస్తుందన్నమాట.

కాఫీ కొండ మీదే ఎందుకు పండుతుంది?

పైకి వెళ్ళేకొద్దీ చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకి దాదాపు ఆరు సెల్సియస్ డిగ్రీలు తగ్గుతుందని లెక్క. విశాఖలో చెమటలు పడుతుంటే అరకులో శాలువా కప్పుకుంటారు. అరబికా అనే రకం కాఫీకి ఈ చల్లదనం కావాలి. వేడి ఎక్కువైతే పండు తొందరగా పండిపోతుంది, రుచి సరిగ్గా దిగదు. వాలు నేల అయితే వాన నీరు వేళ్ళ దగ్గర నిలవకుండా జారిపోతుంది. కాఫీకి అదీ మంచిదే.

ఇంకో సంగతి. కాఫీ మొక్కకి నేరుగా ఎండ ఎక్కువగా తగలకపోతే మేలు. అందుకని పెద్ద చెట్ల నీడలో పెంచుతారు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి, వాటి మీదకి మిరియాల తీగ పాకుతుంది. కింద కాఫీ, పైన మిరియాలు, ఆ పైన నీడ. ఒకే నేలలో మూడు అంతస్తులు అన్నమాట!

వేసవి వానలు పడగానే మల్లెపువ్వుల్లాంటి తెల్లటి పూలు పూస్తాయి. నవంబరు నుంచి ఎర్రటి పళ్ళు కోతకి వస్తాయి. పండు ఒలిస్తే లోపల మామూలుగా రెండు గింజలుంటాయి. అన్ని పళ్ళూ ఒకేసారి పండవు కాబట్టి, ఎర్రగా పండినవి చూసి చేత్తోనే ఏరాలి. తర్వాత తొక్క తీసి, గింజ మీది జిగురు పోయేలా నానబెట్టి, కడిగి, ఎండబెడతారు. మీ నాన్న పొద్దున్నే తాగే ఒక కప్పు కాఫీ వెనక ఇంత పని ఉంది.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి వేరే చోట పండిన కాఫీ అమ్మకూడదు అని దాని అర్థం. ప్యారిస్‌లో కూడా 2017లో అరకు కాఫీ దుకాణం తెరిచారు.

ఊళ్ళు, మనుషులు

ఇటలీలో ఊళ్ళు కొండ నెత్తిన ఎందుకున్నాయి? పాతకాలంలో శత్రువులు వస్తే దూరం నుంచే కనిపించాలని, కోట కట్టుకుని కాచుకోవాలని. అరకు వైపు ఊళ్ళు చాలావరకు కొండ కింద, ఊటకి, వాగుకి దగ్గరగా ఉంటాయి. నీళ్ళున్న పల్లంలో వరి, వాలులో రాగులు, వలిసెలు, పైన కాఫీ. అక్టోబరు, నవంబరు నెలల్లో వలిసెలు పూస్తే కొండలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు చలికాలం చివర్లో నాపా ద్రాక్షతోటల మధ్య ఆవపూలు చూసే ఉంటారు. అచ్చం అలాగే!

ఊరి పేర్లు జాగ్రత్తగా వినండి. శిమిలిగూడ, డుంబ్రిగూడ, సుంకరమెట్ట, ముంచంగిపుట్టు. చివర్లో గూడ, మెట్ట, పుట్టు అని వస్తున్నాయి చూశారా? మెట్ట అంటే ఎత్తైన నేల. కొన్నిసార్లు పేరులోనే ఊరి రూపం ఉంటుంది.

ఈ ఊళ్ళలో ఉండేది గిరిజనులు. గిరి అంటే కొండ. కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, ఇలా ఎన్నో తెగలవాళ్ళు ఉన్నారు. చాలామంది ఇంట్లో ఆదివాసీ ఒడియాయో కువియో మాట్లాడతారు, సంతలో తెలుగు మాట్లాడతారు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష! ఇది మీకు కొత్తేం కాదు కదా? మీరూ అంతే. కాబట్టి అక్కడ తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడక్కర్లేదు. వాళ్ళకీ అది రెండో భాష కావచ్చు.

ఆ కొండ ఎవరిది?

అందమైన చోటు చూడగానే పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: "ఇక్కడ ఒక స్థలం కొనుక్కుంటే ఎంత బావుంటుందో!" అరకులో అది కుదరదు. అక్కడ గిరిజనులు కానివాళ్ళ పేరు మీదకి భూమి మారకూడదని చట్టం ఉంది. 1959లో చేసిన నిబంధనని 1970లో ఇంకా గట్టి చేశారు. దాన్నే అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు.

ఎందుకు అంత గట్టిగా? ఎందుకంటే మైదానం నుంచి వచ్చినవాళ్ళు చిన్న చిన్న అప్పులిచ్చి, తీర్చలేనప్పుడు పొలాలు రాయించుకునేవాళ్ళు. భూమి పోతే ఆ ఇంటివాళ్ళు తమ పొలంలోనే కూలీలుగా మిగిలిపోతారు. తర్వాత గనుల గొడవ వచ్చింది. ప్రసిద్ధమైన బొర్రా గుహలు ఉన్న ప్రాంతంలోనే ప్రైవేటు కంపెనీలకి గనులు ఇచ్చారు. "సమత" అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకి వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి భూమి లీజుకి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇలాంటి జాగ్రత్త మన అమెరికాలోనూ ఉంది. నాపాలో పొలాల్ని ఇళ్ళ స్థలాలుగా ముక్కలు చెయ్యకుండా 1968లోనే కౌంటీ నియమం పెట్టింది. లాంగే కొండల ద్రాక్షతోటల్ని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అయితే ఒక తేడా ఉంది. నాపా నియమం పొలాన్ని కాపాడుతుంది. అరకు చట్టం ఆ పొలం దున్నే మనిషిని కాపాడుతుంది. మనం చూసి మురిసిపోయే పచ్చదనం, వాళ్ళు అక్కడ నిలబడగలిగితేనే మిగులుతుంది.

వెళ్ళినప్పుడు ఎలా మాట్లాడాలి?

పుస్తకంలో "ఫోటో తీయవచ్చునా?" అని రాస్తాం. నోటితో "ఫోటో తియ్యొచ్చా అమ్మా?" అంటాం. ముందు అడగండి, వద్దంటే మానెయ్యండి. "దీని ధర ఎంత?" అనేది రాత. "ఇది ఎంతక్కా?" అనేది మాట. పెద్దావిడైతే "అమ్మా", కొంచెం చిన్నావిడైతే "అక్కా", ముసలాయనైతే "తాతా" అనండి. మిరియాలో తేనెో కొనేటప్పుడు పది రూపాయల కోసం బేరమాడొద్దు. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కూడా కొనొచ్చు. 1956లో మొదలైన ఈ సంస్థ గిరిజనుల దగ్గర నేరుగా సరుకు కొంటుంది. ధింసా నాట్యం చేస్తుంటే చూసి చప్పట్లు కొట్టండి, పిలిస్తే చేతులు కలిపి మీరూ అడుగు వెయ్యండి.

ఆలోచించి రాయండి

1. కొండకీ గుట్టకీ తేడా ఏమిటి? మీరుండే చోటికి దగ్గర్లో ఏది ఉంది?
2. కాఫీ మొక్కకి నీడ ఎందుకు కావాలి? రెండు వాక్యాల్లో చెప్పండి.
3. "ఇక్కడ కూర్చోవచ్చునా?" దీన్ని మాట్లాడే తెలుగులోకి మార్చండి.
4. అరకులో బయటివాళ్ళు భూమి కొనకూడదనే చట్టం మీకు న్యాయంగా అనిపించిందా? ఎందుకు? ఇంట్లో పెద్దవాళ్ళని కూడా అడిగి, వాళ్ళేమన్నారో రాయండి.