క్రిస్మసు విందు - పన్ను లెక్క

బ్రిటనులో డిసెంబరు మాసము వచ్చినదనగా చిన్న దుకాణము మొదలు పెద్ద కంపెనీ వరకు ఉద్యోగులకు ఒకనాటి రాత్రి విందు చేయుట ఆచారము. మన పట్టణములలో దీపావళికి గుమాస్తాలకు క్రొత్త బట్టలు, మిఠాయి పొట్లములు ఇచ్చు వర్తకుని మనసే ఆ విందునకును మూలము. అచ్చట భోజనశాలలు, దుకాణములు, చిన్న సాఫ్టువేరు సంస్థలు నడుపుచున్న తెలుగువారును ఈ ఆచారమును పాటించుచున్నారు. పండుగ ముగిసి బిల్లు చేతికి వచ్చిన పిమ్మట వారికి కలుగు ప్రశ్న ఇది: ఈ సొమ్మును వ్యాపారపు ఖర్చుగా వ్రాసికొనవచ్చునా?

వ్రాసికొనవచ్చును. కాని అంతటితో లెక్క తీరలేదు. ఆ ఒక్క బిల్లును గూర్చి పన్నుల చట్టము రెండు వేర్వేరు ప్రశ్నలు వేయును. మొదటిది యజమానిని గూర్చినది. రెండవది ఉద్యోగిని గూర్చినది. మొదటి దానికి సమాధానము దొరకగానే రెండవదియు తీరినదని తలచువారే చిక్కులలో పడుచున్నారు.

మొదటి ప్రశ్న సులభమైనది. వ్యాపార నిమిత్తము ఇతరులకు చేసిన విందు వినోదముల ఖర్చును బ్రిటిషు చట్టము లాభములలో నుండి తీసివేయనీయదు. ఉద్యోగులకు చేసినది మాత్రము ఈ నిషేధమునకు లోబడదు. దానికి ఇంత అను పరిమితియు లేదు. అయితే ఖాతాదారులను పిలిచి, వారికి మర్యాదలు చేయుటకై ఉద్యోగులను ప్రక్కన నిలిపినచో అది ఉద్యోగుల విందు అనిపించుకొనదు.

రెండవ ప్రశ్న కఠినమైనది. యజమాని పెట్టిన భోజనము ఉద్యోగికి జీతమునకు తోడు లభించిన ప్రయోజనము కాదా? చట్టము దృష్టిలో ప్రయోజనమే. ఐనను ఏటేటా జరుగు విందు అయి, ఉద్యోగులందరికి ఆహ్వానము ఉండి, మనిషికి ఖర్చు 150 పౌన్లకు మించనిచో దానిపై పన్ను లేదు. 2003 ఏప్రిలులో 75 పౌన్ల నుండి 150కి పెంచిన ఈ హద్దు నేటికిని కదలలేదు. ఆనాడు ఆ సొమ్మునకు లభించిన విందు ఈనాడు లభింపదని వేరుగ చెప్పనక్కరలేదు. దీనిని పెంపక యుండుట చిన్న యజమానుల పట్ల న్యాయము కాదని మా అభిప్రాయము.

ఈ 150 పౌన్లు రాయితీ కాదు, హద్దు మాత్రమే. ఒక్క పెన్నీ మించినను, మించిన భాగమునకు కాక మొత్తమునకు పన్ను పడును. ఒక ఉదాహరణము చూతము.

ఇంగ్లండులోని ఒక చిన్న కంపెనీలో పదిమంది ఉద్యోగులు కలరనుకొందము. అందరును భార్యతోనో భర్తతోనో వచ్చిరి, వెరసి ఇరువదిమంది. హాలు, భోజనము 2,400 పౌన్లు, దానిపై 20 శాతము వాట్ 480, మొత్తము 2,880. ఇరువదిచే భాగించిన మనిషికి 144 పౌన్లు. యజమాని వాట్‌లో కొంత తరువాత తిరిగి రాబట్టుకొన్నను ఈ లెక్కలో దానిని కలుపవలసినదే. ఇంతవరకు క్షేమము. రాత్రి ప్రొద్దుపోయినదని యజమాని దయతలచి అందరిని ఇండ్లకు చేర్చుటకు టాక్సీలకు 150 పౌన్లు ఇచ్చెను. ప్రయాణపు ఖర్చును విందులోనిదే. మొత్తము 3,030, మనిషికి 151 పౌన్ల 50 పెన్నీలు. హద్దు దాటినది! ఇప్పుడు ఒక్కొక్క ఉద్యోగి తన వంతును, తన వెంట వచ్చినవారి వంతును కలిపి 303 పౌన్లకు పన్ను కట్టవలెను. 20 శాతము చొప్పున అది 60 పౌన్ల 60 పెన్నీలు. విందునకు పిలిచి, ఆపై పన్ను కట్టుమని చెప్పుటకు ఏ యజమానికి నోరు వచ్చును?

కావున అట్టివారు రెవెన్యూ శాఖతో ఒక ఒప్పందము చేసికొని ఉద్యోగుల పన్నును తామే చెల్లింతురు. అట్లు చెల్లించిన పన్నును ఉద్యోగికి చేసిన మేలే గనుక దానిపైనను పన్ను లెక్కింపబడును. పై ఉదాహరణములో అందరును 20 శాతము పన్ను కట్టువారే అయినచో పన్ను 757 పౌన్ల 50 పెన్నీలు. విందు ఖర్చును ఈ పన్నును కలిపిన మొత్తముపై, 2025 ఏప్రిలు నుండి అమలులోనున్న 15 శాతము చొప్పున యజమాని కట్టవలసిన నేషనల్ ఇన్సూరెన్సు సుమారు 568 పౌన్లు. రెండును కలిసి 1,325 పౌన్లకు పైమాటే. దీనికంతటికిని కారణము 150 పౌన్ల టాక్సీలు!

టాక్సీలు లేకున్నను ప్రమాదము తప్పినదనుకొనరాదు. భాగించవలసినది పిలిచినవారి సంఖ్యతో కాదు, వచ్చినవారి సంఖ్యతో. ఒక దంపతులు జ్వరమని రాలేదు. వంటవారు వారి భోజనము వెల వాపసు ఇయ్యరు. 2,880ని పదునెనిమిదిచే భాగించిన మనిషికి 160 పౌన్లు. రానివారి ఖర్చు వచ్చినవారి నెత్తిన పడినది. అందుచేత మనిషికి 120, 125 పౌన్ల దగ్గరనే ఆగుట వివేకము.

ఈ మినహాయింపు క్రిస్మసు విందునకు మాత్రమే పరిమితము కాదు. ఏటేటా జరుపునది అయినచో దీపావళి విందునకును, ఉగాది విందునకును ఇదే మినహాయింపు వర్తించును. సంస్థ స్థాపించి ఇరువదియైదేండ్లు నిండినవని ఒక్కసారి చేయు ఉత్సవమునకు వర్తింపదు. ఏడాదిలో రెండు విందులు జరిగి, ఒకటి మనిషికి 100, మరియొకటి 60 పౌన్లు అయినచో, రెండును కలిసి హద్దు దాటును గనుక ఒక్కదానికే మినహాయింపు. పెద్దదానికి దానిని వాడుకొని 60 పౌన్లదానికి పన్ను కట్టుట లాభము.

ఒంటరిగా వ్యాపారము చేయువారి సంగతి వేరు. లిమిటెడ్ కంపెనీ పెట్టి దానికి తానొక్కడే డైరెక్టరుగా నున్నవాడు చట్టరీత్యా ఉద్యోగియే. అతనికి ఈ మినహాయింపు కలదు. కంపెనీ లేక స్వంత పేరున వ్యాపారము చేయువానికి ఉద్యోగులు లేనిచో, అతడు తన పండుగ భోజనమును తన జేబులోనుండియే చెల్లించుకొనవలెను. వాట్ విషయమున ఉద్యోగుల వంతు మాత్రమే తిరిగి వచ్చును. అతిథుల వంతు రాదు.

ఉగాది విందు చేయు మనవారికి మరియొక మాట. బ్రిటనులో పన్ను సంవత్సరము ఏప్రిలు 6న మొదలై మరుసటి ఏప్రిలు 5న ముగియును. మన పంచాంగము దానిని లెక్కచేయదు. 2024లో ఉగాది ఏప్రిలు 9న, 2025లో మార్చి 30న వచ్చినవి. అనగా రెండు ఉగాదులును ఒకే పన్ను సంవత్సరములో పడినవి. దానికి ముందటి సంవత్సరములో ఒక్క ఉగాదియు లేదు. అట్టి ఏట రెండు విందుల ఖర్చును కలిపియే 150 పౌన్ల లెక్క చూడవలెను. ఒప్పందము అవసరమైనచో ఆ పన్ను సంవత్సరము ముగిసిన పిమ్మట వచ్చు జులై 5 లోగా కుదుర్చుకొని, కంప్యూటరు ద్వారా చెల్లించువారు అక్టోబరు 22 లోగా సొమ్ము కట్టవలెను.