బందరు సమాధులు, మరణపు చిట్టాలు

బందరు పట్టణమున మూడు పేటల పేళ్లు మూడు జాతుల రాకను నేటికిని చెప్పుచున్నవి. ఇంగ్లీషుపాలెము సంగతి విప్పి చెప్పనక్కఱ లేదు. పరాసుపేట ఫ్రెంచివారిది. వలందపాలెము వలందులది, హాలెండు దేశీయులను మనవారు వలందులని పిలిచిరి. వలందులు 17వ శతాబ్దపు తొలి యేండ్లలో గోలకొండ సుల్తాను అనుమతితో ఇచట వర్తకశాలను నెలకొల్పిరి. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చిరి. తెలుగుతీరపు అద్దకపు బట్టలు కొని ఓడల కెక్కించుట వారి పని. ఆ పనిమీద వచ్చినవారిలో తిరిగి ఓడ యెక్కనివారు అనేకులు. వారి గుఱుతులు కొన్ని రాతిమీదను, కొన్ని కాగితముమీదను మిగిలినవి.

వలందుల సమాధులపై పఱచిన పలకలు చూడదగినవి. వానిమీది అక్షరములు మన శాసనములలో వలె లోనికి చెక్కినవి కావు. చుట్టును రాతిని తొలిచి అక్షరములను పైకి నిలిపిరి. ఇది ఎక్కువ శ్రమతో కూడిన పని. పులికాటునందును, సద్రాసునందును, భీమునిపట్నమునందును గల వలందుల పలకలును ఈ తీరువే. పై భాగమున వంశచిహ్నము, దాని క్రింద ‘ఇచట సమాధి చేయబడి యున్నాడు’ అను అర్థముగల డచ్చి వాక్యము, పిమ్మట పేరు, ఉద్యోగము, మరణతిథి ఉండును. ఉద్యోగమును విడువక చెక్కుట వారి యలవాటు. పెద్ద వర్తకుడు, చిన్న వర్తకుడు అనునవి కంపెనీ కొలువులోని హోదాలు. జీతము వలెనే హోదాయు చచ్చువఱకు లెక్కలోనిదే, చచ్చిన తరువాత రాతిమీదిది. వయస్సును ఏండ్లు, నెలలు, దినములతో సహా చెక్కుటయు గలదు. శిశువు సమాధిపై ఆ దినముల లెక్క చదివినపుడు, ఆ లెక్క కట్టినవారెవరో యోచింపక తప్పదు.

ఈ పలకలను చదువువారు తేదీల విషయమున జాగ్రత్త వహింపవలెను. వలందుల కంపెనీ అప్పటికే గ్రెగరీ పంచాంగము ననుసరించుచుండెను. ఇంగ్లీషువారు 1752 వఱకును పాత జూలియను పంచాంగమునే పట్టుకొని యుండిరి. రెంటికిని 17వ శతాబ్దమున పది దినములు, తరువాత పదునొకండు దినములు భేదము. అంతేకాదు, ఆ కాలమున ఇంగ్లీషువారి సంవత్సరాది జనవరి 1 కాదు, మార్చి 25. ఒకేనాడు బందరున ఒక వలందుడును, ఒక ఇంగ్లీషువాడును మరణించిరని అనుకొందము. వలందుని రాయిపై 1680 ఫిబ్రవరి 20 అని యున్నచో, ఇంగ్లీషువాని రాయిపై 1679 ఫిబ్రవరి 10 అని యుండును. అది తెలియనివాడు వారిరువురి నడుమ ఏడాదికి పైగా కాలము గడచినదని వ్రాయగలడు. చరిత్ర బోధించు ఉపాధ్యాయులకు తరగతిలో చెప్పుటకు ఇంతకంటె మంచి లెక్క దొరకదు.

ఇక కాగితము. ఇంగ్లీషు కంపెనీ స్థావరములలోని మతాచార్యులు బాప్తిస్మములకు, వివాహములకు, సమాధులకు వేఱువేఱు పట్టికలు వ్రాయుచుండిరి. మూలప్రతి ఊరి చర్చిలో ఉండును. నకలు మద్రాసునకు, అచటినుండి లండనునకు పోవును. మద్రాసు రాజధాని పట్టికల నకళ్లు 1698 మొదలు 1948 వఱకు గలవి లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. ఉప్పుగాలికిని, చెదకును, వఱదకును మూలప్రతి నశించినను నకలు నిలుచునట్టి యీ యేర్పాటు గుమాస్తాల తెలివికి చక్కని సాక్ష్యము. 19వ శతాబ్దపు పట్టికలలో మరణించిన తేదీ, వయస్సు, వృత్తి, మరణకారణము, సమాధిచేసిన తేదీ, సంస్కారము జరిపినవారి సంతకము అను గడులుండును. రాయి సాధారణముగా సద్గుణములను పొగడును. కాగితము వాంతిభేది యనియో, జ్వరమనియో, ప్రసవమనియో ఒక్కమాట వ్రాసి ఊరకుండును. ఈ చిట్టాలు చేతికి వచ్చినపుడు చాలమంది మొదట వెదకునది సేనానుల పేళ్లే. ఒక్క సంవత్సరము పుటలు తీసికొని వయస్సు గడిని మాత్రము పైనుండి క్రిందికి చదివినచో ఆ కాలపు బ్రదుకు అంతకంటె బాగుగా బోధపడును.

రాతికిని, కాగితమునకును అందని మాటలును గలవు. బందరులోని సెయింటు మేరీ చర్చి పుట్టుకకు కారణమని చెప్పబడు అరబెల్లా రాబిన్సను కథ అట్టిది. ఆమె 1809లో మరణించెను. సేనాని జాన్ పేటరు ఆమెను ప్రేమించెననియు, ఆమెను చర్చి శ్మశానమున పూడ్చుటకు మతాచార్యుడు అంగీకరింపలేదనియు, అందుచే అతడు వేఱుగా నేల కొని ఆమెను పూడ్చి, ఆ సమాధిపై చర్చి కట్టించి యిచ్చెననియు చెప్పుదురు. అభ్యంతరము మతశాఖాభేదము వలన నని కొందఱు, వివాహము కాకపోవుట వలన నని కొందఱు అందురు. మరణపు పట్టికలో ఇట్టి నిరాకరణమునకు గడి లేదు. కథ నోటిమీదనే నిలిచినది. నోటిమీది దగుటచేతనే కొంత పెరిగియు నుండును.

ఈ తీరపు రాతలను ప్రతి చేసి యుంచినవారిలో ఇరువురిని తప్పక స్మరింపవలెను. పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ మద్రాసు రాజధానిలోని వలందుల కట్టడములను, సమాధులను గూర్చి 1897లో గ్రంథము ప్రకటించెను. సివిలు ఉద్యోగి జూలియను జేమ్సు కాటను సమాధుల రాతల పట్టికను 1905లో వెలువరించెను. రాతిలోని అక్షరము పెచ్చులూడినచోట నేడు చదువరికి వీరి పుటలే శరణ్యము.

ఇంతవఱకు చెప్పినదంతయు పేరు మిగిలినవారి మాట. వలందుల బట్టలు నేసినవారు, వారి మూటలు మోసినవారు, వారి బిడ్డలను ఎత్తుకొని పెంచిన దాదులు ఏ పట్టికలోను లేరు. చర్చి చిట్టా క్రైస్తవులకు మాత్రమే. దహనమైనవారికి రాయియు లేదు. ఈ లోటు ఎంతటిదో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తెలిసినది. ఆనాటి తుపానులో సముద్రము పదుమూడడుగుల యెత్తున లేచి బందరుపై బడి, భూమిపై పదునేడు మైళ్ల దూరము వఱకు పాఱినది. చనిపోయినవారు సుమారు 30,000 మంది యని లెక్క. తెల్లవాఱిన పిమ్మట బ్రదికి యున్నవారి చేతులు గోతులు త్రవ్వుటకే చాలియుండవు; పేళ్లు వ్రాయువారెవరు? బందరున 1843లో పాఠశాల స్థాపించిన రాబర్టు నోబిలు ఆ ఉప్పెనను దాటి, మఱుసటి యేడు 1865 అక్టోబరు 17న మరణించెను. ఆయన మరణదినము గ్రంథములలో గలదు. ముప్పదివేల మందికి కలిపి తేదీ ఒక్కటే.

తరువాత గ్రామములలో మునసబులు జనన మరణముల లెక్క వ్రాయు పద్ధతి వచ్చినది. మద్రాసు రాజధానిలో ఇందులకై 1899లో చట్టము చేసిరి. దేశమంతటికిని ఒకే విధమైన చట్టము 1969లో వచ్చినది. కులమతములతో నిమిత్తము లేక ప్రతివారికిని ఒక వరుస ఏర్పడినది. కాని ఆ వరుస నిండుటకు ఎవరైన వచ్చి చెప్పవలెను; ఇంట జరిగిన మరణమును ఇంటి పెద్ద తెలుపవలెనని చట్టము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు మరణించినవారు 10,000 మందికి తక్కువ గారని చెప్పుదురు. ఇంటి పెద్దతో సహా ఇల్లే కొట్టుకొనిపోయిన చోట, చెప్పవలసినవారెవ్వరును మిగులలేదు.