ఊపిరి చెప్పు సాక్ష్యము

త్రాగి బండి నడపినవాడు తాను త్రాగితినని ఒప్పుకొనుట అరుదు. తూలు నడకను చూచి పోలీసు అధికారి నేరము మోపవచ్చును. కాని రక్తములో చక్కెర మిక్కిలి తగ్గిన మధుమేహరోగియు అట్లే తూలును. అమాయకుని చెరసాలకు పంపిన నెంత ఘోరము! అమెరికాలోని ఇండియానా రాష్ట్ర పోలీసుశాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో శ్వాసపరీక్షా యంత్రము నొకదానిని నిర్మించెను. త్రాగిన మద్యము రక్తమున కలసి, ఊపిరితిత్తుల నుండి శ్వాసలోనికి వచ్చును. ఆ శ్వాసను పసుపుపచ్చని పొటాషియం డైక్రోమేటు ద్రావణము గుండ పంపినచో దాని రంగు తగ్గును. ఎంత తగ్గినదో యంత్రమే కొలుచును. అధికారి కోపతాపములతో దానికి పనిలేదు. నేటి పరికరములు వేరు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమును బట్టి, 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాలున్నట్లు తేలినవాడు శిక్షార్హుడు. రాత్రివేళ బాట ప్రక్కన బండి నాపి "ఊదుము" అనుట అందులకే.