త్రీడీ సినిమాలో బొమ్మ రెండుగా కనిపిస్తే: తప్పు తెరదా, కళ్ళదా?



2000లో ఇక్కడ సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ తెరిచినప్పుడు దాంతోపాటే ఐమాక్స్ తెర వచ్చింది. 2003లో హైదరాబాదులో ప్రసాద్స్ ఐమాక్స్ వచ్చింది. అంతకుముందే 1984 నాటి 'చిన్నారి చేతన' చూసి, తెర మీంచి వచ్చే వస్తువుల కోసం చేతులు చాపిన వాళ్ళు మనలో ఉన్నారు. కానీ త్రీడీ అంటే కొందరికి తలనొప్పే గుర్తొస్తుంది. ఎందుకో చూద్దాం.

మొన్న ఈద్ సెలవుల్లో మావాణ్ణి త్రీడీ సినిమాకి తీసుకెళ్ళాం. ఏ హాలో పేరెందుకు లెండి. సగం సినిమా అయ్యేసరికి "నాన్నా, అన్నీ రెండేసి కనపడుతున్నాయి" అన్నాడు. వాడి కళ్ళకేమైందోనని వాళ్ళమ్మ కంగారు పడింది. తప్పు ఎక్కడుందో తేలకుండా దేన్నీ మార్చకూడదన్నది మా కంప్యూటర్ వాళ్ళ పద్ధతి. అదే పాటించాను.

మన రెండు కళ్ళ మధ్య దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. అందుకే ఒక్కో కన్ను కాస్త వేరే బొమ్మ చూస్తుంది. మెదడు ఆ రెండిటినీ కలిపి లోతు పట్టుకుంటుంది. త్రీడీలో రెండు బొమ్మల్నీ ఒకే తెర మీద వేస్తారు. ఏ కంటి బొమ్మని ఆ కంటికే పంపడం కళ్ళద్దాల పని. రెండోది కొంచెం లీకైనా అంచుల వెంట నీడ కనిపిస్తుంది. దీన్నే ఘోస్టింగ్ అంటారు.

పరీక్ష చాలా తేలిక. అద్దాలు తియ్యకుండా ఒక కన్ను మూయండి. అప్పుడూ రెండుగా కనిపిస్తే తప్పు మీ కంటిది కాకపోవచ్చు, అద్దాల్లోనో ప్రొజెక్షన్‌లోనో వెతకాలి. మావాడికి అలాగే కనిపించింది. చూస్తే వాడు అమ్మ భుజం మీద తల వాల్చి ఉన్నాడు! లీనియర్ పోలరైజ్‌డ్ అద్దాలైతే తల వంచగానే పక్క బొమ్మ లీకవుతుంది. సర్క్యులర్ రకంలో ఈ ఇబ్బంది చాలా తక్కువ. "నిటారుగా కూర్చోరా" అన్నాను, నీడ పోయింది.

ఇక బొమ్మ మసకగా ఉండడం. ఈ పోలరైజ్‌డ్ పద్ధతిలో ఒక్కో కంటికి చేరేది సగం కంటే తక్కువ వెలుతురే. పైగా వెండిపూత తెర వెలుతుర్ని ఎక్కువగా ఎదురుగా పంపుతుంది, పక్క సీట్లకు తక్కువ. అందుకే మధ్య సీట్లు తీసుకోండి. అద్దాల మీద వేలిముద్రలుంటే తుడుచుకోండి. కెమెరా వేగంగా తిరిగేటప్పుడు బొమ్మ అదిరితే, అది సెకనుకు 24 ఫ్రేముల మహిమ. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ గెంతు పెద్దదవుతుంది.

ఒక్కటి మాత్రం మరచిపోకండి. ఏ కంటికి ఆ కన్ను స్పష్టంగా ఉన్నా రెండూ తెరిస్తే ఎప్పుడూ రెండుగానే కనిపించినా, అందరికీ లోతు కనిపించి మీ పిల్లలకి కనిపించకపోయినా కంటి డాక్టరుకి చూపించండి. పిల్లల్లో ఒక కన్ను మందగించి ఉంటే ఎంత త్వరగా పట్టుకుంటే అంత మంచిది. త్రీడీ టిక్కెట్టు ఒక్కోసారి ఇలా కూడా పనికొస్తుంది.

మళ్ళీ కలుద్దాం, సెలవు.