ఉక్కుమీద మూడక్షరాలు

“విమానం నడిపేవాడికి బాయినెట్టెందుకండీ?” అని అడిగింది మా ఆవిడ. లండనులో పాతసామాన్ల సంతలో నేను కొన్న ఆ తుపాకి బాకు పిడికొసన ఆర్.ఏ.ఎఫ్. అనీ, అలుగుమీద 1907 అనీ ముద్రలున్నాయి. 1907 నాటి వైమానికదళపు ఆయుధం దొరికిందని మురిసిపోయాను. తీరా చూస్తే బ్రిటిషు వైమానికదళం పుట్టిందే 1918 ఏప్రిల్ 1న! మోసపోయాననుకున్నాను.

పుస్తకాలు తిరగేస్తే సంగతి తెలిసింది. 1907 అన్నది ఆ నమూనా పేరు మాత్రమే. తయారైన నెలా సంవత్సరమూ కింద చిన్న అంకెల్లో ఉంటాయి. నాదానిమీద 3, 17 అని ఉంది. అంటే 1917 మార్చి. పదాతిదళం కోసం చేసిన 17 అంగుళాల అలుగు, తర్వాత వైమానికదళం చేతికి వచ్చిందన్నమాట. విమానాశ్రయాలకు కాపలా వద్దూ? ఆ పనికే 1942లో ఆర్.ఏ.ఎఫ్. రెజిమెంటు ఏర్పడింది.

ఇంతా తెలుసుకుని ఏం లాభం? కొన్ననాడే గరుకుకాగితంతో తుప్పు వదిలించాను. అక్షరాల పక్కనున్న అంకెలు కాస్తా చెరిగిపోయాయి. అది ఎవరి చేతిదో చెప్పగలిగినవి అవే! తుప్పు ఇన్నేళ్ళలో చెయ్యలేని పని నేను అరగంటలో చేశాను.

పాత ఇనుము చేతికొస్తే ముందు చదవండి. తుడవడం తర్వాత, అదీ నూనెగుడ్డతోనే.